ముందు కదిలిందే మూలమా?

2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరులో ఉన్నట్టుండి జనం ఫిట్స్ వచ్చి పడిపోవడం మొదలైంది. కొన్ని నిమిషాలు స్పృహ ఉండదు. తేరుకున్నాక ఏం జరిగిందో గుర్తుండదు. కొద్దిరోజుల్లోనే బాధితులు ఐదు వందలు దాటారు. ఒకరి వెనక ఒకరు పడిపోతుంటే అంటురోగమేమోనన్న భయం పుట్టింది. కాదని తేలింది. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షించిన రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయి. తర్వాత అనుమానం పురుగుమందుల మీదికి మళ్లింది. అంటే వెతకాల్సింది అందరినీ ఒక్కసారే తాకిన మూలాన్ని.

ఒక్క మెదడు లోపలా ఇదే చిక్కు. ఫిట్స్ అంటే లెక్కలేనన్ని నాడీకణాలు అదుపు తప్పి ఒక్కుమ్మడిగా విద్యుత్ సంకేతాలు వెదజల్లడం. తలకు ఎలక్ట్రోడ్లు అంటించి తీసే ఈఈజీలో ఆ అలజడి గీతలై కనిపిస్తుంది. మందులకు లొంగని మూర్ఛకు ఆపరేషన్ చేయాలంటే, అది మెదడు పైపొర అయిన వల్కలంలో ఎక్కడ పుట్టి ఎటు పాకిందో తెలియాలి. రెండుచోట్ల గీతలు ఒకే తీరుగా ఊగినంత మాత్రాన దిక్కు తెలియదు.

దిక్కు చెప్పే లెక్క ఆర్థికశాస్త్రం నుంచి వచ్చింది. 1969లో క్లైవ్ గ్రాంజర్ ప్రతిపాదించిన పద్ధతి ఇది: ఒక సంకేతం ఇకముందు ఎలా నడుస్తుందో ముందు దాని గతంతోనే అంచనా కట్టాలి. రెండో సంకేతపు గతాన్నీ కలిపితే అంచనా మెరుగుపడితే, ప్రభావం రెండోదాని నుంచి మొదటిదానికి ఉందనుకోవాలి.

ఉదాహరణకు, తమ్మిలేరు అనే ఏటి ఉద్ధృతిని బట్టి కొల్లేరు సరస్సు మట్టాన్ని అంచనా కట్టవచ్చు. ఆ నీరు నిజంగానే కొల్లేట్లో పడుతుంది కనుక లెక్క సరిపోతుంది. తమ్మిలేరు పొంగిన కాసేపటికి మరో ఏరు బుడమేరూ పొంగితే? ఈ ఏరు ఆ ఏటిని పొంగించలేదు. రెంటికీ మూలం ఎగువన కురిసిన వాన. వాన సంగతి లెక్కలో లేదు. మెదడులో ఆ వాన పాత్ర చాలాసార్లు థలామస్‌ది. లోతున ఉండి వల్కలంలో అనేక చోట్లకు సంకేతాలు పంపుతుంది, తలమీది ఎలక్ట్రోడ్లకు సరిగా చిక్కదు. పైగా పుర్రె దాటేసరికి పక్కపక్క సంకేతాలు కలిసిపోయి లేని చుట్టరికాన్ని చూపిస్తాయి.

అందుకే ఇలాంటి లెక్కలతో ప్రభావపు దిక్కును బాణం గుర్తులుగా గీసే మెదడు పటాల్లో ప్రతి బాణాన్నీ నమ్మకూడదన్నది నా గట్టి అభిప్రాయం. ఆపరేషన్‌కు ముందు కొందరిలో ఎలక్ట్రోడ్లను వల్కలం మీదే పరుస్తారు. అప్పుడు ఒకచోట స్వల్పంగా విద్యుత్తు తాకించి, ఇంకెక్కడ స్పందన వస్తుందో మిల్లీసెకన్లలో కొలవవచ్చు. ఇక్కడ కదిలించింది మనమే కనుక కారణం మీద సందేహం లేదు. ఆ స్పందన నేరుగా వచ్చిందా, థలామస్ మీదుగా చుట్టు తిరిగి వచ్చిందా అన్నది మాత్రం అప్పుడూ విడిగా తేల్చుకోవాల్సిందే.