‘టైరెంట్’ అను మాట

ప్రజలను పీడించు క్రూరప్రభువును ఆంగ్లమున ‘టైరెంట్’ అందురు. తెలుగున దీనికి ‘నిరంకుశుడు’ అను మాట వాడుకలో నున్నది. అంకుశమనగా మావటివాని చేతిలోని మొనగల సాధనము. దానికి లొంగని యేనుగు వంటివాడు నిరంకుశుడు. ఈ మాటను విడదీసినచో అర్థము తానే బయటపడును. ఆంగ్లపదము అట్టిది కాదు. దాని పుట్టుకలో క్రూరత్వము లేశమైనను లేదు.

ఆ మాటకు మూలము గ్రీకు భాషలోని ‘తురన్నోస్’. అదియు గ్రీకుల సొంత మాట కాదనియు, వారికి తూర్పున, నేటి టర్కీ పశ్చిమభాగమున నుండిన లిడియా వంటి దేశమునుండి వచ్చియుండుననియు పండితులు తలంతురు. క్రీ. పూ. 7వ శతాబ్దివాడైన ఆర్కిలోకస్ అను కవి, లిడియా రాజగు గైజీసు ఐశ్వర్యమును పేర్కొనిన కవితలోనే అట్టి యేలుబడిని గూర్చియు చెప్పుచు, ఈ మాటనుండి కలిగిన రూపమును వాడెను. వంశక్రమమున గాని, శాసనమును బట్టి గాని కాక, తన బలముచేతనో నేర్పుచేతనో అధికారమును చేజిక్కించుకొనినవాడు తురన్నోస్. అతడు మంచివాడా, చెడ్డవాడా యనునది ఆ మాట చెప్పదు; గద్దె నెట్లెక్కెనో మాత్రమే చెప్పును.

ఏథెన్సు నగరపు పిసిస్ట్రాటస్ కథ వినిన ఈ భేదము బోధపడును. క్రీ. పూ. 561 ప్రాంతమున అతడొకనాడు గాయములతో, గాయపడిన కంచరగాడిదలతో బండి తోలుకొని అంగడివీధికి వచ్చి, శత్రువులు తన్ను చంపజూచిరని మొరపెట్టెను. ఆ గాయములు అతడు తానే చేసికొనినవని చరిత్రకారుడు హెరడోటస్ వ్రాసెను. ప్రజలు జాలిపడి, అతనికి దుడ్డుకర్రలు పట్టిన అంగరక్షకుల నొసగిరి. వారి సాయముననే అతడు ఆక్రోపోలిస్ దుర్గమును పట్టుకొనెను! రెండుమారులు వెడలగొట్టబడియు, క్రీ. పూ. 546లో ధనముతో, సైన్యముతో తిరిగివచ్చి, 527లో మరణించువరకు ఏలెను.

ఇంత వంచనతో వచ్చినవాని పాలనము మాత్రము సౌమ్యమైనది. అతడు బీదరైతులకు అప్పులిచ్చెను. పల్లెలకు న్యాయాధిపతులను పంపెను. ఒకనాడు హిమెట్టస్ కొండపై రాళ్లు త్రవ్వుచున్న రైతును చూచి, ఆ నేలలో ఏమి పండునో కనుగొని రమ్మని సేవకుని పంపెను. వచ్చినవా రెవరో యెరుగని రైతు, ఒంటినొప్పులు తప్ప మరేమియు పండవనియు, పన్నుగా వానిలోనే పదియవ వంతు పిసిస్ట్రాటసునకు ముట్టవలెననియు చెప్పెను. ఆ సూటిమాటకు ప్రభువు సంతసించి వానికి పన్నులన్నియు మాన్పెనట.

అయినను ఆ మంచితనము ప్రభువు స్వభావము నాశ్రయించినదే గాని, ప్రజల చేతిలోని హక్కు కాదు. అతని తరువాత కుమారుడు హిప్పియస్ ఏలెను. క్రీ. పూ. 514లో అతని తమ్ముని హిపార్కసును ఇరువురు హత్యచేసిరి. అది మొదలు హిప్పియస్ ప్రతివానిని శంకించుచు, అనేకులను చంపించెను. వలదని యాపుటకు ప్రజలకు మార్గము లేకపోయెను. 510లో స్పార్టావారి సైన్యము వచ్చిన గాని అతని పీడ వదలలేదు. వెడలిపోయిన హిప్పియస్ ఊరకుండక పారశీకుల పంచ జేరి, 490లో వారి సైన్యముతో మారథాన్ మైదానమునకు వచ్చెను. తన నగరముపైకి తానే శత్రువులను తోడి తెచ్చెనన్నమాట.

ఇట్టి యనుభవములచేతనే మాట రంగు మారినది. ఏథెన్సువారు హిపార్కసును చంపిన యిరువురికి విగ్రహములు నిలిపిరి. తరువాతి కాలమున అరిస్టాటిల్, రాజు ప్రజల మేలునకును, తురన్నోస్ తన మేలునకును ఏలునని వేరుపరచెను. ఈ చెడు అర్థముతోనే పదము లాటిను, ప్రాచీన ఫ్రెంచి భాషల మీదుగా క్రీ. శ. 1300 ప్రాంతమున ఆంగ్లమున జేరెను. మూలమున లేని చివరి ‘ట్’ ధ్వని నడుమ దారిలో తగులుకొనినది.

క్రీ. శ. 1905లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆస్బర్న్ ఒక మహాకాయపు రాక్షసిబల్లికి ‘టైరనోసారస్ రెక్స్’ అని పేరిడెను. ‘సారస్’ అనగా గ్రీకున బల్లి. ‘రెక్స్’ అనగా లాటినున రాజు. పిసిస్ట్రాటస్ కాలపు గ్రీకులు ఈ పేరు వినియుండినచో, ఆ బల్లి యెవరి గద్దె నపహరించినదని యడిగియుందురు.