పిడుగు పడే ముందు అరగంట

2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగులు నమోదయ్యాయి. అంతకు ముందు ఏడాది మే నెల మొత్తంలో నమోదైనవి సుమారు 30 వేలు మాత్రమే. ఆ ఒక్కరోజు తొమ్మిది మంది ప్రాణాలు కోల్పోయారు. క్షణంలో మెరిసి మాయమయ్యే దానిని ఇంత కచ్చితంగా లెక్కించడం నేడు సాధ్యమైంది. ఆ సమాచారం పొలంలోని రైతుకు సకాలంలో చేరడమే ఇంకా కష్టంగా ఉంది.

వేసవిలో నేల బాగా వేడెక్కి, బంగాళాఖాతం నుంచి తేమగాలులు వీచినప్పుడు మధ్యాహ్నం తరువాత క్యుములోనింబస్ మేఘాలు నిలువుగా ఎదుగుతాయి. వీటి శిఖరాలు 12 నుంచి 16 కిలోమీటర్ల ఎత్తుకు చేరగలవు. లోపల మంచు స్ఫటికాలు, మెత్తని మంచు గుళికలు ఢీకొన్నప్పుడు తేలికైన స్ఫటికాలు ధనావేశంతో పైకి పోతాయి. బరువైన గుళికలు ఋణావేశంతో దిగువన నిలుస్తాయి. ఈ వ్యత్యాసం హద్దు మీరితే మెరుపు పుడుతుంది.

ఇటువంటి మేఘం గంటలోపే పుట్టి, కురిసి, చెదిరిపోవచ్చు. అరగంటకొక చిత్రం పంపే ఉపగ్రహానికి అది ఒకటి రెండు చిత్రాల్లోనే చిక్కుతుంది. మచిలీపట్నం, విశాఖపట్నం డాప్లర్ రాడార్లు దాని ఎత్తును, కదలికను మరింత తరచుగా చూపుతాయి. మెరుపు గ్రాహకాల పద్ధతి వేరు. ప్రతి మెరుపూ రేడియో తరంగాలను వెదజల్లుతుంది. ఉరుముల వేళ పాత రేడియోలో వినిపించే గరగర అదే. ఆ తరంగం మైక్రోసెకనుకు 300 మీటర్లు ప్రయాణిస్తుంది కనుక, దూరదూరంగా అమర్చిన గ్రాహకాలకు అది చేరిన సమయాల తేడాను బట్టి మెరుపు పుట్టిన చోటు తెలుస్తుంది. సాధారణంగా నేలను తాకే పిడుగు కంటే ముందే మేఘం లోపల మెరుపులు మొదలవుతాయి. వాటిని పసిగట్టి, మేఘం కదిలే దిశతో కలిపి చూస్తే అనుకూల సందర్భాల్లో సుమారు అరగంట వ్యవధి దొరుకుతుంది. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ సంస్థ రూపొందించిన ‘దామిని’ యాప్, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ సందేశాలు ఈ వ్యవధిని ప్రజలకు అందించడానికే.

అయితే సెల్‌ఫోన్ పిడుగును ఆకర్షిస్తుందన్న నమ్మకంతో మబ్బు పట్టగానే దానిని ఆపివేసే రైతులున్నారు. ఈ నమ్మకానికి శాస్త్రీయ ఆధారం లేదు. ఛార్జింగ్ తీగకు తగిలించి మాట్లాడటం ప్రమాదమే కానీ, జేబులోని ఫోన్ కాదు. దానిని ఆపివేస్తే హెచ్చరికే ఆగిపోతుంది.

మరొక చిక్కు ఉంది. ఏప్రిల్, మే నెలల్లో దాళ్వా ధాన్యం, మిర్చి కళ్లాల్లో ఉంటాయి. మబ్బు చూసిన రైతు ఇంటికి కాక కళ్లానికి పరుగెడతాడు. ఏడాది శ్రమ తడిసిపోతుంటే చూస్తూ ఊరుకోమనడం తేలిక కాదు. ఉరుముకు అర్జునుడి పేర్లు తలచుకునే అలవాటు ఇప్పటికీ ఉంది; తలచుకుంటూనే సెకన్లు లెక్కించవచ్చు. మెరుపుకు, ఉరుముకు మధ్య ప్రతి మూడు సెకన్లకు దూరం సుమారు ఒక కిలోమీటరు. వ్యవధి 30 సెకన్ల లోపు ఉంటే వెంటనే పక్కా భవనంలోకి వెళ్లాలి. చెట్టు నీడ అత్యంత ప్రమాదకరం. నేలలో పాకే విద్యుత్తు ముందు, వెనుక కాళ్ల మధ్య ప్రవహించడం వల్లనే చెట్టు కింద చేరిన గొర్రెలు, పశువులు ఒక్కసారిగా చనిపోతుంటాయి. చివరి ఉరుము తరువాత మరో 30 నిమిషాలు బయటకు రాకూడదు.

పరదాలు, తాళ్లు, బరువుకు రాళ్లు కళ్లం వద్దే ఉంచుకుంటే హెచ్చరిక అందిన మొదటి పది పదిహేను నిమిషాల్లో రాశులు కప్పి ఇల్లు చేరవచ్చు. ఉరుము వినిపించిన తరువాత ఆ పని మొదలుపెట్టకూడదు.