లాభాల స్క్రీన్‌షాట్లు సరే... మిగతావాళ్లేరీ?

మీ ఫోన్లో అలాంటి గ్రూపు ఒక్కటైనా ఉండే ఉంటుంది. పొద్దున తొమ్మిదింటికి 'కాల్' వస్తుంది. ఫలానా ఆప్షన్ ఇంతకు కొనండి, ఇంతకు అమ్మేయండి అని. సాయంత్రానికి పచ్చగా మెరిసిపోతూ లాభం స్క్రీన్‌షాట్. దాని కింద వరసగా 'థాంక్యూ అన్నా'లు. ఐదు రోజులు అన్న చెప్పింది చెప్పినట్టే జరిగితే, ఆరో రోజు మన చెయ్యి కూడా ఊరుకోదు.

ఆ ఆరో రోజుకు ముందు ఒక చిన్న లెక్క చూడండి. నా దగ్గర 10 వేల మంది నంబర్లు ఉన్నాయనుకుందాం. సగం మందికి 'రేపు నిఫ్టీ పెరుగుతుంది' అని, సగం మందికి 'పడుతుంది' అని పంపిస్తాను. తప్పు మెసేజ్ వెళ్లినవాళ్లను వదిలేసి, మిగిలిన 5 వేల మందిని మళ్లీ రెండు భాగాలు చేస్తాను. ఇలా ఐదు రోజులు. చివరికి 312 మంది మిగులుతారు. వాళ్ల దృష్టిలో నేను ఒక్కసారి కూడా తప్పు చెప్పని మనిషిని! నాకు మార్కెట్ గురించి ఒక్క ముక్క తెలియకపోయినా సరే. అసలు మోసం చేయాలన్న ఉద్దేశం కూడా ఉండక్కర్లేదు. వేల మంది ఎవరికి తోచింది వాళ్లు నిజాయతీగానే చెబుతున్నా, వరసగా ఐదుసార్లు కుదిరినవాళ్లు కొందరుంటారు. కుదరనివాళ్లు ఛానెల్ మూసేసుకుని వెళ్లిపోతారు. మనకు కనిపించేది మిగిలినవాళ్లే.

సరిగ్గా ఈ లెక్క మీదే బిజినెస్ స్కూళ్లలో పెద్ద వాదన నడిచింది. 1984లో న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో ఒక సభ జరిగింది. బెంజమిన్ గ్రాహం, డేవిడ్ డాడ్ రాసిన 'సెక్యూరిటీ అనాలిసిస్' పుస్తకానికి అప్పటికి యాభై ఏళ్లు. ఇద్దరూ అక్కడి ప్రొఫెసర్లే. సభలో ఒకవైపు మైకేల్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త. 1945 నుంచి 1964 వరకు 115 మ్యూచువల్ ఫండ్ల లెక్కలు తీసి, సగటున చూస్తే ఇవి మార్కెట్‌ను మించలేకపోయాయని 1968లోనే తేల్చినాయన. రెండోవైపు గ్రాహం దగ్గర చదువుకున్న వారెన్ బఫెట్.

బఫెట్ తన వాదనను ప్రత్యర్థుల ఉదాహరణతోనే మొదలుపెట్టారు. 22 కోట్ల 50 లక్షల మంది అమెరికన్లు రోజూ పొద్దున్నే డాలరు పందెం కాసి నాణెం ఎగరేస్తారు. ఓడినవాళ్లు తప్పుకుంటారు, గెలిచినవాళ్లు మొత్తం డబ్బుతో మర్నాడు మళ్లీ ఆడతారు. 20 రోజులయ్యేసరికి 215 మంది మిగులుతారు, ఒక్కొక్కరి చేతిలో పది లక్షల డాలర్లకు పైనే. వాళ్లు ఇక పాఠాలు చెప్పడం మొదలుపెడతారు. మనుషుల బదులు ఒరంగుటాన్‌లతో ఆడించినా ఫలితం ఇదే కదా అంటారు ప్రొఫెసర్లు. బఫెట్ అక్కడి దాకా ఒప్పుకొని, ఒక మెలిక పెట్టారు. గెలిచిన ఒరంగుటాన్‌లలో 40 ఒకే జూ నుంచి వచ్చాయని తెలిస్తే? ఆ జూలో ఏం తిండి పెడుతున్నారో వెళ్లి కనుక్కోరా? ఆ తర్వాత గ్రాహం పద్ధతి నేర్చుకుని, ఏళ్ల తరబడి మార్కెట్‌ను మించిన పెట్టుబడిదారుల రికార్డులు వరసగా ముందు పెట్టారు.

ఈ మెలిక వెనక ఉన్న తర్కం నాకు చాలా నచ్చుతుంది. ఎవరు గెలిచారని కాదు, ఏ పద్ధతి వాడిన వాళ్లలో ఎంతమంది గెలిచారని అడుగుతుంది. మన గ్రూపుల్లో ఈ ప్రశ్న అడిగి చూడండి. ఎంత త్వరగా రిమూవ్ చేస్తారో!

షికాగో యూనివర్సిటీ వాళ్లది మాత్రం వేరే దారి. అక్కడి ప్రొఫెసర్ యూజీన్ ఫామా మాట ప్రకారం, అందరికీ తెలిసిన సమాచారం ధరలో అప్పటికే కలిసిపోయి ఉంటుంది, కాబట్టి మార్కెట్‌ను నిలకడగా మించడం దాదాపు కుదరదు. ఆ స్కూల్లో చదివిన డేవిడ్ బూత్ ఈ ఆలోచన మీదే పెట్టుబడుల సంస్థ కట్టి, 2008లో స్కూలుకు 30 కోట్ల డాలర్లు విరాళమిచ్చారు. అందుకే దాని పేరు బూత్ స్కూల్. మన హైదరాబాదీ సత్య నాదెళ్ల ఎంబీఏ చేసింది అక్కడే. తమాషా ఏమిటంటే, 2013లో ఆర్థికశాస్త్ర నోబెల్‌ను ఫామాతో పంచుకున్నవాళ్లలో రాబర్ట్ షిల్లర్ ఒకరు. మార్కెట్ ధరలు అవసరానికి మించి ఊగిసలాడతాయని చూపించినాయన! నోబెల్ దాకా వెళ్లినా తగాదా తెగలేదన్నమాట.

మరి మనం ఎవరి మాట వినాలి? మీ పరిస్థితికి ఈ తగాదాతో పెద్దగా పని లేదు. రోజూ కొంటూ అమ్ముతూ ఉండమని ఆ స్కూలూ చెప్పదు, ఈ స్కూలూ చెప్పదు. అలా ఉంటే ఏమవుతుందో బ్రాడ్ బార్బర్, టెరెన్స్ ఓడీన్ అనే ఇద్దరు పరిశోధకులు 2000లో లెక్క తేల్చారు. ఒక అమెరికన్ బ్రోకరేజీలో 66,465 కుటుంబాల ఖాతాలను 1991 నుంచి 1996 వరకు చూశారు. మార్కెట్ ఏడాదికి 17.9 శాతం ఇచ్చింది. అందరికంటే ఎక్కువ ట్రేడింగ్ చేసినవాళ్లకు మిగిలింది 11.4. మార్కెట్ అంత బాగున్న రోజుల్లో కూడా! ఏడాది తర్వాత ఇంకో పరిశోధనలో ఆడా మగా లెక్క తీశారు. మగవాళ్లు 45 శాతం ఎక్కువ ట్రేడ్ చేశారు, దానివల్ల ఎక్కువే పోగొట్టుకున్నారు. అతి నమ్మకమే కారణమన్నారు. (అబ్బాయిలూ, కోప్పడొద్దు. డేటా అది.)

మన దగ్గర లెక్క ఇంకా ఘోరం. సెబీ 2024 సెప్టెంబరులో ఇచ్చిన అధ్యయనం ప్రకారం 2021-22 నుంచి మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓలో ఆడిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారు. ఖర్చులతో కలిపి సగటున ఒక్కొక్కరికి సుమారు 2 లక్షలు. అందరిదీ కలిపితే 1.8 లక్షల కోట్ల పైమాటే. ట్రేడర్లలో 30 ఏళ్లలోపు వాళ్ల వాటా ఒక్క ఏడాదిలో 31 శాతం నుంచి 43 శాతానికి పెరిగింది. నాలుగింట మూడొంతుల మందికి పైగా ఏడాది ఆదాయం 5 లక్షల లోపే చెప్పారు. అంటే మనవాళ్లే. మొదటి ఉద్యోగం, మొదటి జీతం. ఆ 2 లక్షలు చాలా ఇళ్లల్లో చెల్లెలి కాలేజీ ఫీజు.

వరస నష్టాలు వచ్చినా 75 శాతానికి పైగా మంది ఆపలేదట. ఎందుకు ఆపలేదో గ్రూపులో ఒక వారం ఉంటే తెలిసిపోతుంది. అక్కడ నష్టం చెప్పుకునేవాడు ఉండడు. చెప్పినా 'స్టాప్‌లాస్ పెట్టలేదా బ్రో' అని తప్పు వాడి మీదకే తోస్తారు.

బిజినెస్ స్కూళ్ల నుంచి మనం అరువు తెచ్చుకోదగ్గది ఇక్కడే ఉంది. కొలంబియాలో విద్యార్థుల ఇన్వెస్ట్‌మెంట్ క్లబ్బు ఉంది. 'గ్రాహం అండ్ డాడ్స్‌విల్' అని సొంతంగా ఒక పత్రిక నడుపుతారు. స్టాక్ పిచ్ పోటీలు పెడతారు. ఒక కంపెనీ ఎందుకు కొనాలో విద్యార్థి చెప్తాడు. ఎదురుగా కూర్చున్న ప్రొఫెషనల్ ఇన్వెస్టర్ల పని ఆ వాదనలో కంతలు వెతకడం. అప్పులు ఎప్పుడు తీర్చాలి? పోటీ కంపెనీ ధర తగ్గిస్తే ఏం చేస్తారు? మీ అంచనా తప్పని ఎప్పుడు ఒప్పుకుంటారు? 'థాంక్యూ అన్నా'లు పనిచేయని చోటు అది.

దీనికి ఎంబీఏ ఫీజు కట్టక్కర్లేదు. నలుగురు ఫ్రెండ్స్, ఒక గూగుల్ షీట్ చాలు. కంపెనీల వార్షిక నివేదికలు బీఎస్‌ఈ, ఎన్‌ఎస్‌ఈ సైట్లలో ఉచితం. నెలకొకరు ఒక కంపెనీ గురించి రెండు పేజీలు రాయాలి. ఆ రోజు ధర, కొనాలనుకున్న కారణం, ఏం జరిగితే తాను తప్పినట్టో ముందే షీట్లో పెట్టాలి. తర్వాత గళ్లు దిద్దకూడదు. ఒకరు తప్పనిసరిగా ఎదురు వాదించాలి, నచ్చినా సరే. రూపాయి పెట్టకుండా ఏడాది నడిపి, మీ నలుగురి ఎంపికల పక్కన నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్ ఎంత ఇచ్చిందో రాయండి. ఇండెక్సే గెలిస్తే ఫామా నవ్వుకుంటారు. మీకు మాత్రం ఆదివారాలు మిగులుతాయి, ఫండ్‌లో సిప్ పెట్టుకుని ఉద్యోగం మీద దృష్టి పెట్టొచ్చు.

ఈ పని మీద నిజంగానే మోజు పుడితే కెరీర్ దారీ ఉంది. సీఎఫ్‌ఏ ఇన్‌స్టిట్యూట్ ఏటా విద్యార్థులకు రీసెర్చ్ ఛాలెంజ్ పెడుతుంది. ముగ్గురి నుంచి ఐదుగురి జట్టు ఒక లిస్టెడ్ కంపెనీ మీద నివేదిక రాసి, కొనాలో అమ్మాలో తేల్చి, జడ్జీల ముందు నిలబడి సమర్థించుకోవాలి. జట్టు కాలేజీ తరఫునే వెళ్లాలి కాబట్టి ముందు ఒక లెక్చరర్‌ను ఒప్పించుకోండి. ఆయన అడిగే మొదటి ప్రశ్న 'మీరు ఇంతవరకు రాసిందేదైనా ఉందా' అనే అవుతుంది. ఏడాది నింపిన షీటు ఉంటే అదే చూపించండి, తప్పిన ఎంపికలతో సహా.