పరదేశంలో ఇంగ్లీషు మాస్టారి సాయంత్రం

ఇంగ్లీషు పుట్టుభాషగానో చదువుల భాషగానో పట్టుబడినవారు, ఆ భాష అంతగా నడవని మరో దేశానికి ఏడాదికో రెండేళ్లకో ఒప్పందం రాసుకుని వెళ్లి, అక్కడి పిల్లలకూ ఉద్యోగులకూ దానిని నేర్పి బతకడం గత నలభై ఏళ్లలో ప్రపంచమంతటా విస్తరించిన వృత్తి. కొరియా, జపాను, చైనా, వియత్నాం, థాయిలాండు, గల్ఫ్ దేశాలు దీనికి పెద్ద కేంద్రాలు. ఈ ప్రవాస ఆంగ్లోపాధ్యాయుల మాట ఎక్కడ వచ్చినా వారి తాగుడు మాట కూడా వెంట వస్తుంది. వారిలో చుక్క ముట్టనివారు ఎందరో ఉన్నప్పటికీ ఆ పేరు ఊరికే పడలేదు. అయితే దానిని మనుషుల గుణదోషంగా చూసి వదిలేస్తే అసలు సంగతి చేజారిపోతుంది. పని వేళలు, బస, ఒప్పందం, చుట్టూ ఉండే మనుషులు, ఇవన్నీ కలిసి ఒంటరి మనిషిని పొద్దుపోయాక ఎక్కడికి చేరుస్తాయన్నదే ఇక్కడ చూడవలసిన విషయం.

ఒడిశాలోని గంజాం జిల్లాలో చికిటి, బరంపురం వైపు తెలుగు ఇళ్లకు ఇది దూరపు ముచ్చటగా తోచవచ్చు గానీ, పరాయి ఊరి నుంచి వచ్చిన ఇంగ్లీషు పంతులునూ, బట్టీలో కాచిన సారానూ ఈ నేల ఒకే శతాబ్దంలో చూసింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేవరకు గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. 1815 నాటి విషజ్వరాలతో గంజాం పట్టణం పాడుపడగా, దొరల కాపురాలూ కచేరీలూ మెల్లగా బరంపురం, ఛత్రపురం వైపు తరలాయి. బరంపురంలో కంటోన్మెంటు, అంటే సైనికుల దండు బస, వెలసింది. 1822లో కటకం చేరిన బాప్టిస్టు మిషనరీలు ఆ తరువాత బరంపురంలోనూ బడులు నడిపారు. బరంపురంలోనే మరో బడి 1878లో కళాశాల స్థాయికి ఎదిగి, తరువాతి కాలంలో ఖల్లికోట కళాశాలగా పేరు పొందింది. ఆస్కాలో చక్కెర కర్మాగారంతోపాటు చెరకు మడ్డి నుంచి సారా తీసే బట్టీ కూడా అదే శతాబ్దంలో నడిచింది. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టం కల్లుగీతనూ సారా కాపునూ ప్రభుత్వ ఆదాయ వనరుగా మార్చిన తీరు ఈ కథలో మరో పాయ.

నాడు ఇంగ్లండు నుంచి వచ్చినవారిలో రెండు తెగల మనుషులు కనిపిస్తారు. దండులోనూ కచేరీలోనూ పనిచేసేవారికి సాయంత్రం పూట క్లబ్బూ గ్లాసూ దినచర్యలో భాగాలు. ఇంటికి ఆరు నెలల ప్రయాణ దూరంలో, ఎప్పుడు జ్వరం వస్తుందో తెలియని చోట, వారికి ఆ క్లబ్బే చుట్టపక్కాలు. మిషను బడుల్లో పాఠాలు చెప్పేవారి వెనుక మాత్రం చర్చి సంఘం ఉండేది. ఇంగ్లండులో ఆ శతాబ్దమంతా బలపడుతూ వచ్చిన మద్యవర్జన ఉద్యమం ఆ సంఘాలను గట్టిగా పట్టుకుంది. దూరం ఇద్దరికీ ఒకటే, ఎండా ఒకటే. తేడా ఎక్కడ వచ్చిందంటే, ఒకరిని సాయంత్రం పూట కనిపెట్టి ఉండే మనుషులున్నారు, మరొకరికి లేరు. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’లో గిరీశాన్ని వెంకటేశానికి చదువు చెప్పే నెపంతో విజయనగరం నుంచి అగ్రహారానికి పంపిన సందర్భం తలచుకుంటే, సొంత ఊరు దాటిన ఇంగ్లీషు పంతులుకు దొరికే గౌరవమూ, అతని మీద ఉండని నిఘా, ఈ రెండూ తెలుగు పాఠకులకు ఎంత కాలంగా పరిచయమో అర్థమవుతుంది.

నేటి కాలానికి వస్తే, కొరియా ఉదాహరణ అన్నిటికంటె స్పష్టమైనది. అక్కడ పిల్లలు బడి ముగిశాక వెళ్లే ప్రైవేటు ట్యూషన్ సంస్థలను ‘హగ్వాన్’ అంటారు. బడి వదిలాకే వాటికి పిల్లలు వస్తారు కనుక, చాలా హగ్వాన్లలో మాస్టారి పని మధ్యాహ్నం మొదలై రాత్రి తొమ్మిదికో పదికో ముగుస్తుంది. ఊళ్లో తక్కినవారు భోంచేసి పడుకునే వేళకు ఇతను గొంతు ఎండిపోయి, ఆకలితో, ఇంకా నిద్ర రాని స్థితిలో వీధిలోకి వస్తాడు. ఆ వేళలో గ్రంథాలయం ఉండదు, సంగీతం క్లాసు ఉండదు, పరిచయస్థుల ఇంటికి వెళ్లడం మర్యాద కాదు. తెరిచి ఉండేవి తిండి, తాగుడు కలిసి దొరికే చిన్న చిన్న హోటళ్లూ, రాత్రంతా నడిచే దుకాణాలూ. అతనికి యాజమాన్యం ఇచ్చిన బస ఒంటిగది. స్థానిక భాష రాదు కనుక మనసు విప్పి మాట్లాడగలిగేది తనలాగే వచ్చిన మరో మాస్టారితోనే, ఆ మాస్టారికి కూడా పని ముగిసేది అదే వేళకు. మర్నాడు మధ్యాహ్నం వరకు లేవనక్కరలేదు. ఇన్ని ఒక్కచోట కూడినప్పుడు తాగుడు అలవాటు కావడానికి ప్రత్యేకించి బలహీనత ఏదీ అవసరం లేదు.

దీనికి ఒప్పందం తీరు తోడవుతుంది. ఏడాది ఒప్పందం మీద వచ్చినవారిలో ప్రతి నెలా ఎవరో ఒకరు వస్తుంటారు, ఎవరో ఒకరు వెళ్తుంటారు. వచ్చినవారికి స్వాగతమూ వెళ్లేవారికి వీడ్కోలూ గ్లాసుల చుట్టూనే జరుగుతాయి. రెండేళ్లు ఉన్న మనిషి ఆ కాలంలో తన స్నేహితులను ఒక్కొక్కరినే సాగనంపి, మళ్లీ కొత్తవారితో మొదలుపెట్టుకోవలసి వస్తుంది. ఈ తెగిపోతూ అతుక్కుంటూ సాగే స్నేహాల అలసటను లెక్కలోకి తీసుకోకుండా, వారిని విలాసపురుషులుగా చిత్రించడం అన్యాయం.

కొరియా వాడుక మద్యం పేరు ‘సోజూ’. నీళ్లు కలిపి పలచన చేసిన ఈ సారా 360 మిల్లీలీటర్ల ఆకుపచ్చ సీసాల్లో, తక్కువ ధరకు, ఎక్కడపడితే అక్కడ దొరుకుతుంది. అందులో మద్యసారం సుమారు 16 శాతం. బీరు కంటె కొంచెం ఘాటు అనుకుని తాగే కొత్తవారు లెక్క తప్పేది ఇక్కడే. ఒక సీసాలో దాదాపు 57 మిల్లీలీటర్ల శుద్ధ మద్యసారం ఉంటుంది. మన దగ్గర అమ్మే 42.8 శాతం విస్కీ పెద్ద పెగ్గులో, అంటే 60 మిల్లీలీటర్లలో, ఉండేది దాదాపు 26 మిల్లీలీటర్లు. అంటే సీసా ఒకటి ముగిసేసరికి రెండు పెద్ద పెగ్గులు దాటిపోతాయి. బల్ల మీద ఒక సీసా మాత్రమే ఉండడం అరుదు.

అక్కడ తాగుడుకు ఉద్యోగపు ముఖం కూడా ఉంది. పనిచేసే చోటి వారంతా కలిసి చేసే రాత్రి విందును ‘హ్వేసిక్’ అంటారు. ప్రధానోపాధ్యాయుడి నుంచి కొత్తగా చేరినవారి వరకు అందులో కూర్చోవడం దాదాపు విధి. ఎవరి గ్లాసులో వారు పోసుకోకూడదు. పెద్దవారు పోస్తున్నప్పుడు గ్లాసును రెండు చేతులతో పట్టుకోవాలి, పెద్దవారికి పోసేటప్పుడు సీసాకు కుడిచేయి, దాని కింద ఎడమచేయి ఆనించాలి, తాగేటప్పుడు వారికి ఎదురుగా కాక ముఖం పక్కకు తిప్పుకోవాలి. పెద్దల ఎదుట చుట్ట ఆర్పేసే మన పల్లె మర్యాద తెలిసినవారికి ఇందులోని వినయం వెంటనే బోధపడుతుంది. జపానులోనూ ఇలాంటిదే ఉంది. 1987లో మొదలైన ‘జెట్’ పథకం కింద ప్రభుత్వ బడుల్లో సహాయ ఉపాధ్యాయులుగా చేరే విదేశీయులకు ఏడాది చివర జరిగే ‘బోనెన్‌కాయ్’, అంటే గడిచిన ఏడాదిని మరచిపోయే విందు, తోటి ఉపాధ్యాయుల మనసు తెలుసుకునే అరుదైన అవకాశం. పగలంతా ముభావంగా ఉండే సహోద్యోగి ఆ రాత్రి నోరు విప్పుతాడు. తాగనివారు ఆ మాటలకు దూరమవుతామేమోనని భయపడడంలో అర్థముంది.

తాగుడు పట్ల ఇంత ఓర్పున్న కొరియా చట్టం దగ్గర అలా ఉండదు. 2019 నుంచి కొరియాలో వాహనం నడిపేవారి రక్తంలో మద్యసారం పరిమితి 0.03 శాతం, మన మోటారు వాహనాల చట్టం చెప్పే 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాముల పరిమితి కూడా సరిగ్గా అదే. వియత్నాం 2020 జనవరి నుంచి ఆ కాస్త వెసులుబాటు కూడా తీసేసింది. విదేశీ ఉపాధ్యాయుడి వీసా అతని ఉద్యోగానికి ముడిపడి ఉంటుంది కనుక, స్థానికుడికి జరిమానాతో పోయే తప్పు ఇతనికి బతుకుతెరువునే తెంచేయవచ్చు.

మద్యం నిషిద్ధమైన దేశాల్లో కథ మరింత చీకటిగా సాగుతుంది. సౌదీ అరేబియాలో 1952 నుంచి, కువైట్‌లో 1960ల నుంచి మద్యనిషేధం అమల్లో ఉంది. సౌదీలో విదేశీయులు గోడ కట్టిన కాలనీల్లో ఉంటూ, చక్కెర, ఈస్టు, నీళ్లతో పులియబెట్టి, దొంగచాటుగా కాచుకునే సారాకు ‘సిద్దీకీ’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. అరబ్బీలో ఆ మాటకు ‘నా స్నేహితుడు’ అని అర్థం. చక్కెర పులిస్తే పుట్టేది ప్రధానంగా ఇథనాల్, మనుషులు తాగే మద్యసారం. ప్రాణాలు తీసేది ఎక్కువగా లాభం కోసం అందులో కలిపే మిథనాల్. ఇది రంగులకూ రసాయనాలకూ వాడే పారిశ్రామిక సారం. వాసనకూ రుచికీ తేడా దాదాపు తెలియదు. శరీరం దానిని మొదట ఫార్మాల్డిహైడ్‌గా, ఆపై ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం కంటి నరాన్ని కాల్చి, రక్తాన్ని ఆమ్లమయం చేస్తుంది. తాగిన పన్నెండు గంటలకో ఇరవైనాలుగు గంటలకో చూపు మసకబారి, వాంతులూ ఆయాసమూ మొదలయ్యేదాకా మనిషి మామూలు మత్తే అనుకుంటాడు. వెంటనే ఆసుపత్రికి చేరితే విరుగుడు మందుతోనూ డయాలసిస్‌తోనూ బతికించవచ్చు. తాగిన మాట చెబితే జైలు అని భయపడి గదిలోనే పడుకున్నవారికి ఆ అవకాశం పోతుంది. 2025 ఆగస్టులో కువైట్‌లో కల్తీ మద్యం 23 మందిని పొట్టనబెట్టుకుంది, వారంతా ఆసియా దేశాలవారేనని అక్కడి ఆరోగ్యశాఖ ప్రకటించింది. అంతకు ఏడాది ముందు, 2024 ఆగస్టులో, మన చికిటి ప్రాంతంలోని మౌండపూర్ దగ్గర నాటుసారా తాగి పలువురు బరంపురం ఆసుపత్రి పాలయ్యారు, కొందరి ప్రాణాలు పోయాయి. చదువుకున్న మాస్టారికీ చదువురాని కూలీకీ మిథనాల్ ఒకే విధంగా పనిచేస్తుంది.

సారాను ఎదిరించిన చరిత్ర కూడా బరంపురానికి ఉంది. 1894లో అక్కడి తెలుగు ఇంట పుట్టి రాష్ట్రపతి అయిన వి.వి. గిరి ఖల్లికోట కళాశాలలో చదివినవారు. 1922లో సారా దుకాణాల ఎదుట నిరసన తెలిపినందుకు అరెస్టయ్యారు. శాసనోల్లంఘన ఉద్యమంలో ఆయన తల్లి సుభద్రమ్మ మద్యనిషేధం కోసం సమ్మె నడిపి అరెస్టయ్యారు. అంతకుముందు చదువు కోసం 1913 నుంచి 1916 వరకు డబ్లిన్‌లో గడిపిన కొడుకు కూడా ఒకనాడు పరదేశపు సాయంత్రాలను ఎరిగినవారే. ఇంటి ఆడవాళ్లు ఈ విషయంలో ఎంత గట్టిగా నిలబడ్డారో తెలిసినవారికి, ఆ ఇల్లు లేని చోట మగవాడి చేతికి గ్లాసు ఎంత సులువుగా అందుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఇంగ్లీషు నేర్పడానికి మనవాళ్లు బయటి దేశాలకు వెళ్లడం కొత్త కాదు. 1958లో హైదరాబాదులో స్థాపించిన కేంద్రీయ ఆంగ్ల సంస్థ, నేటి ఇఫ్లూ విశ్వవిద్యాలయం, ఆ బోధనను ప్రత్యేక శాస్త్రంగా తెలుగు నేల మీద నిలబెట్టింది. హైలీ సెలాసీ చక్రవర్తి కాలం నుంచీ ఇథియోపియా బడుల్లో భారతీయ ఉపాధ్యాయులు పాఠాలు చెప్పారు. అక్కడ తేనెను పులియబెట్టి చేసే ‘తెజ్’ను సన్నని మెడ ఉన్న గాజు బుడ్డిలో అతిథికి అందిస్తారు. భూటాన్ పల్లెల్లో ఇంటికి వచ్చిన మాస్టారికి ‘ఆరా’ అనే ఇంటి సారా పోయడం గౌరవం. వద్దనదలచినవారు చేతులు నోటికి అడ్డం పెట్టుకుని ‘మేషు మేషు’ అంటారు, ఎవరికీ కోపం రాదు. మనవాళ్లు వెళ్లే మరో చోటైన మాల్దీవుల్లో జనం కాపురముండే దీవుల్లో మద్యం నిషిద్ధం, రిసార్టు దీవుల వంటి చోట్ల మాత్రమే అమ్ముతారు. 2010 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారత–కొరియా ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం, ఉపాధ్యాయ అర్హత ఉన్న భారతీయులు అక్కడి బడుల్లో ఇంగ్లీషు సహాయ ఉపాధ్యాయులుగా చేరడానికి దారి తీసింది. అంతకుముందు ఆ ఉద్యోగానికి ఇచ్చే వీసా ఇంగ్లీషు మాతృభాషగా గల ఏడు దేశాలవారికే పరిమితం.

అలా వెళ్లేవారిలో తాగుడు అలవాటు లేని ఇళ్ల పిల్లలే ఎక్కువమంది ఉంటారు, ఆడపిల్లలూ ఉంటారు. బీఈడీలో పాఠం చెప్పే పద్ధతులు నేర్పుతారు గానీ, రాత్రి పదింటికి పాఠం ముగించి ఒంటరి గదికి వెళ్లే మనిషి ఆ తరువాతి మూడు గంటలు ఏం చేయాలో ఎవరూ నేర్పరు. ఎక్కువ కాలం నిలదొక్కుకున్నవారు చేసినవి చిన్న పనులే. స్థానిక భాష నేర్చుకోవడం వాటిలో మొదటిది, ఎందుకంటే తోటి విదేశీయుల బల్ల దగ్గర కాక మరో చోట కూర్చునే వీలు దానివల్లే కలుగుతుంది. పొద్దున్నే ఏదో ఒక పని పెట్టుకుంటే రాత్రి దానంతటదే కురచవుతుంది. కొందరు గదిలోనే అన్నం, పప్పు వండుకుని, ఆకలి తీరాకే నలుగురిలోకి వెళ్తారు. ఇంటికి మాట్లాడే వేళను పని ముగిసిన వెంటనే పెట్టుకున్నవారూ ఉన్నారు. కొరియాలో రాత్రి పది అంటే మనకు సాయంత్రం ఆరున్నర, చికిటిలో దీపాలు పెట్టే వేళ.

హ్వేసిక్‌లో తాగకుండా కూర్చోవడానికీ పద్ధతి ఉంది. ‘సైడా’ అనే తెల్లని నిమ్మ సోడా చూడడానికి సోజూలాగే ఉంటుంది. దానిని చిన్న గ్లాసులో పోయించుకుని, పెద్దవారు గ్లాసెత్తినప్పుడు రెండు చేతులతో ఎత్తి, పక్కకు తిరిగి పెదవి తడుపుకుంటే మర్యాదకు లోటు రాదు. కొరియా ఆచారంలో ఖాళీ అయిన గ్లాసునే నింపుతారు, సగం ఉన్నదానిలో పోయరు. అందుకని తాగనివారు మొదట పోసినదాన్ని అలాగే ఉంచి, విందు ముగిసేవరకు ఆ గ్లాసు ఖాళీ కాకుండా చూసుకుంటారు.