ఒకే పంట, వేర్వేరు చేతులు, వేర్వేరు ఏళ్లు: రుచిని పరీక్షించే పద్ధతి

ఈ భాగం చదివిన తరువాత మీరు రుచిలో కనిపించే తేడా తయారీదారు వల్ల వచ్చిందో, పంట ఏడాది వల్ల వచ్చిందో విడదీసి చెప్పగలుగుతారు. పేరు మూసి రుచి చూడటం ఎందుకు అవసరమో వివరించగలుగుతారు.

1. మనకు తెలిసిన ఉదాహరణ

1967లో నాగార్జున సాగర్ కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల్లో వరి విస్తరించింది. మిర్యాలగూడ రైస్ మిల్లులకు పేరుపడింది. ఇక్కడ బియ్యం కొనేవారు రెండు ప్రశ్నలు తప్పక అడుగుతారు: ఏ మిల్లువి? కొత్తవా, పాతవా?

రెండూ సరైన ప్రశ్నలే. 1986లో బాపట్ల నుంచి విడుదలైన సాంబ మసూరి (బీపీటీ 5204) రకాన్నే తీసుకోండి. కొత్త బియ్యం వండితే అన్నం ముద్దవుతుంది. కొన్ని నెలలు నిల్వ ఉంచితే గింజలోని మాంసకృత్తుల బంధాలు గట్టిపడతాయి. అప్పుడు గింజ ఎక్కువ నీరు పీల్చుకొని, ఉబ్బి, పొడిపొడిగా ఉడుకుతుంది. అయితే ధాన్యాన్ని ఆవిరి పట్టించి కూడా కొత్త బియ్యం పొడిగా ఉడికేలా చేయవచ్చు. అంటే పళ్లెంలో కనిపించిన గుణం వయసుదా, మిల్లు పనితనానిదా అన్నది ఒక్క ముద్దతో తేలదు.

2. బర్గండీ తెల్ల వైన్లు

ఇవే రెండు ప్రశ్నలను అత్యంత శ్రద్ధగా వేసుకునే రంగం ఒకటుంది. అది ఫ్రాన్స్ దేశపు మేలురకం తెల్ల వైన్ల పరీక్ష. బర్గండీలోని షాబ్లీ, మెర్సో రెండు చోట్లా తెల్ల వైన్‌కు వాడేది షార్డొనే అనే ద్రాక్షే. షాబ్లీ ఉత్తరాన, చల్లని చోట ఉంది. అక్కడి వైన్‌లో పులుపు పదునుగా ఉంటుంది; చాలామంది దానిని స్టీలు తొట్లలో ఉంచుతారు. మెర్సోలో ఓక్ కర్ర పీపాల వాడకం ఎక్కువ. అక్కడి వైన్‌లో వెన్న, వేయించిన గింజల వంటి వాసనలు ఉంటాయి.

ఏడాది ప్రభావం వేరు. 2003 వేసవిలో ఐరోపాలో తీవ్రమైన వడగాలులు వీచాయి. ద్రాక్ష త్వరగా పండింది, పులుపు తగ్గింది.

ఈ రెండు ప్రభావాలను విడదీయడానికి రెండు పద్ధతులున్నాయి.

అడ్డ వరుస: ఒకే ఊరు, ఒకే ఏడాది, వేర్వేరు తయారీదారులు. ఇక్కడ కనిపించే తేడాలో తయారీదారు తోట, పనితనం తెలుస్తాయి.

నిలువు వరుస: ఒకే తయారీదారు, ఒకే తోట, వేర్వేరు ఏళ్లు. ఇక్కడ ఆ ఏటి వాతావరణం, సీసాలో గడిచిన కాలం తెలుస్తాయి.

రెండింటినీ కలిపి పరీక్షిస్తే నచ్చిన వైన్ ఏదో తెలుస్తుంది, ఎందుకు నచ్చిందో తెలియదు.

మరో జాగ్రత్త కూడా ఉంది. 1990ల మధ్యకాలం నుంచి వచ్చిన బర్గండీ తెల్ల వైన్లలో కొన్ని, ఆశించినదానికన్నా చాలా ముందే రంగు ముదిరి, కోసి వదిలేసిన ఆపిల్ వాసన వేశాయి. గాలి సోకి చెడటమే ఇది. ఒకే పెట్టెలో ఒక సీసా బాగుండి, పక్కది చెడిపోయిన సందర్భాలున్నాయి. కాబట్టి ఒక్క సీసాతో ఏడాది మీద గాని, తయారీదారు మీద గాని తీర్పు చెప్పరాదు.

3. పేరు ఎందుకు మూయాలి?

1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ ఒక పరీక్ష ఏర్పాటు చేశాడు. నాలుగు బర్గండీ తెల్ల వైన్లు, ఆరు కాలిఫోర్నియా షార్డొనే వైన్లు పేర్లు లేకుండా పోశారు. లెక్కలోకి తీసుకున్న మార్కులు తొమ్మిది మంది ఫ్రెంచి నిపుణులవి. మొదటి స్థానం కాలిఫోర్నియాకు చెందిన షాతో మాంటెలీనా 1973కు దక్కింది. పేరు కనిపించి ఉంటే ఈ ఫలితం వచ్చేదని చెప్పలేం. అయితే ఆ సీసాలు 1972, 1973, 1974 పంటలవి. కాబట్టి ఆ పరీక్ష పేరు మోజును తొలగించింది గాని, ఏడాది ప్రభావాన్ని వేరు చేయలేదు.

కన్ను కూడా నాలుకను మోసగిస్తుంది. బోర్డో విశ్వవిద్యాలయంలో 54 మంది విద్యార్థులకు వాసన లేని ఎర్ర రంగు కలిపిన తెల్ల వైన్ ఇచ్చారు. వారు దానిని ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. ఈ పరిశోధన 2001లో ప్రచురితమైంది.

ఇది వైన్‌కే పరిమితమైన విషయం కాదు. సంచి మీది పేరుకే ధర పలికితే, పేరు లేని మిల్లు బియ్యం, దాని వెనుక ఉన్న రైతు పంట ఎంత బాగున్నా వెనుకబడతాయి. కొనేవారు లేని గుణానికి డబ్బు చెల్లిస్తారు.

4. మీరే చేసి చూడండి

ఒకే రకం, ఒకే ఏడాది బియ్యం రెండు మిల్లులవి తీసుకోండి. ఒకే కొలత బియ్యం, ఒకే కొలత నీరు, ఒకే రకం గిన్నెలు, ఒకే సమయం పాటించండి. ప్రతి ఒక్కరికీ మూడు పళ్లేలు ఇవ్వండి: రెండింటిలో ఒక మిల్లువి, మూడోదానిలో మరో మిల్లువి. పళ్లేలకు అంకెలు మాత్రమే వేయండి, వరుస మార్చుతూ ఉండండి. వేరుగా ఉన్నది ఏదో చెప్పమనండి. దీనిని త్రికోణ పరీక్ష అంటారు. ఊహించి చెప్పినా మూడింట ఒకసారి సరిపోతుంది. అందుకే పది మందిలో కనీసం ఏడుగురు సరిగా చెబితేనే తేడా ఉందని భావిస్తారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. అడ్డ వరుస, నిలువు వరుస పరీక్షల మధ్య భేదమేమిటి?
2. ఒకే మిల్లు నుంచి కొత్త బియ్యం, ఏడాది పాత బియ్యం తెచ్చి పోల్చితే అది ఏ వరుస పరీక్ష? ఎందుకు?
3. పది మందిలో నలుగురే సరిగా చెబితే ఏ నిర్ణయానికి వస్తారు?