అడవిబాటన మాటువేసిన కెమెరా

కామారెడ్డి, మెదకు జిల్లాల సరిహద్దున, ఎల్లారెడ్డికి చేరువగా, 1916–1922 సంవత్సరముల నడుమ కట్టబడిన పోచారము జలాశయమును చుట్టియున్న అభయారణ్యమున, పగటివేళ బాటసారికి నెమలియో దుప్పియో కానవచ్చునే గాని, రాత్రించరములైన చిరుతపులియు ఎలుగుబంటియు అగపడుట అరుదు. అట్టి మృగముల సంచారమును, వాని ప్రశాంతికి భంగము కలుగనీయక తెలిసికొను సాధనమే కెమెరా ట్రాప్. వేడిమిగల దేహము కదలుచు ఎదుటికి వచ్చినంతనే, అందలి పరారుణ గ్రాహకము ఆ మార్పును పసిగట్టి, దానంతటదే ఛాయాచిత్రమును తీయించును.

దానిని కట్టుటలోనే నేర్పున్నది. పులుల గణనకై బాటకు ఇరువైపుల, మోకాలెత్తున, రెండింటిని చెట్లబోదెలకు బిగింతురు. ఏలయన, పులి చారలుగాని చిరుత మచ్చలుగాని, మన వ్రేలిముద్రలవలె, ఏ రెంటికిని సమానములు గాకుండుటయే గాక, ఒకే జంతువు కుడిప్రక్కనున్న తీరు ఎడమప్రక్కన నుండదు. ముందున్న గడ్డిని కోయకున్నచో, ఎండకు కాగిన ఆకులు గాలికి ఊగినప్పుడెల్ల కెమెరా పనిచేసి, మెమరీకార్డంతయు వట్టి చిత్రములతో నిండును; వైశాఖపు టెండలలో పరిసరముల వేడి జంతుదేహపు వేడిని సమీపించుటచే, ఎదుట నడచిన మృగమునే అది గుర్తింపకపోవుటయు కలదు.

1920 దశకమున ఎఫ్.డబ్ల్యు. ఛాంపియన్ అను అటవీ అధికారి, దారికడ్డముగా తీగ కట్టి, దానిని తాకిన పులి తన చిత్రమును తానే తీసికొనునట్లు చేసెను. 2018 జాతీయ పులుల గణనమున 26,838 తావుల నమర్చిన కెమెరాలు 3,48,58,623 చిత్రములను తీయగా, వానిలో పులులవి 76,651, చిరుతలవి 51,777.

చిత్రముపై ముద్రితమగు తేదియు వేళయు పశువుల కాపరులకును ఉపకరించును: ఏ బాటన చిరుత ఏ జామున తిరుగుచున్నదో తెలిసినచో, మందను పెందలకడనే ఇంటికి తోలుకొనిపోవచ్చును.