సముద్రపు గాలికి రేవు ఏది?

2024 జూన్ 19న కేంద్ర మంత్రివర్గం సముద్రంలో గాలిమరలు నెలకొల్పేందుకు 7,453 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. గుజరాత్ తీరాన 500 మెగావాట్లు, తమిళనాడు తీరాన మరో 500 మెగావాట్లు లక్ష్యం. పద్నాలుగు నెలలకే, 2025 ఆగస్టులో, గుజరాత్ టెండరు రద్దయింది. తమిళనాడు తీరంలో 4,000 మెగావాట్లకు సముద్రగర్భాన్ని కౌలుకివ్వదలచిన మరొక టెండరుకూ అదే గతి పట్టింది. పందిరి వేశారు, బాజాలు మోగించారు, పెళ్ళికొడుకు మాత్రం రాలేదు.

ఈ విషయంలో ఢిల్లీకి ఇది మొదటి భంగపాటు కాదు. సముద్ర పవన విద్యుత్తుపై జాతీయ విధానాన్ని 2015లోనే ప్రకటించారు. 2022 నాటికి 5,000 మెగావాట్లు, 2030 నాటికి 30,000 మెగావాట్లు సాధిస్తామని 2018లో చెప్పారు. 2022 వచ్చింది, వెళ్ళింది. ఒక్క మెగావాటు రాలేదు. దరిమిలా 2023లో 37,000 మెగావాట్లకు టెండర్లు పిలిచే కాలపట్టిక వెలువడింది. లక్ష్యం తప్పినప్పుడల్లా దానిని పెంచుకుంటూ పోవడం మన ప్రణాళికా రచనలో పాత సంప్రదాయమే.

ఉభయ సభల ప్రశ్నోత్తరాలలో ఈ అంశంపై నేను చూసిన ప్రశ్నలు చాలా వరకు రెండే: ఎన్ని మెగావాట్లు, యూనిట్ ధర ఎంత? అవి అడగదగినవే. నేల మీది గాలిమర కంటె సముద్రపు గాలిమర ఎంతో ఖరీదు. ఆ లోటు పూడ్చడానికే 7,453 కోట్లలో 6,853 కోట్లు కేటాయించారు. మిగిలిన 600 కోట్లు రెండు రేవుల అభివృద్ధికి. నా దృష్టిలో అసలు కథ ఆ చిన్న పద్దులోనే ఉన్నది. ఆ మరలను ఎక్కడ తయారు చేస్తారు, ఏ రేవులో నిలబెడతారు, ఎవరి చేతులకు పని దొరుకుతుంది అన్న ప్రశ్న మన సభలలో అరుదుగా వినబడుతుంది.

ఇందుకు సాంకేతిక కారణం కూడా ఉన్నది. సుమారు 60 మీటర్ల లోతు వరకు గాలిమరను సముద్రపు అడుగున పాతిన స్తంభం మీద నిలబెట్టవచ్చు. అంతకు మించిన లోతులో తేలే వేదిక కావాలి. దానిని గొలుసులతో, లంగర్లతో అడుగుకు బంధిస్తారు. పాతే మరకు నడిసముద్రంలో పనిచేసే భారీ క్రేన్ల నౌకలు అవసరం. అటువంటి నౌకలను ఐరోపా నుండో, చైనా నుండో అద్దెకు తెచ్చుకోవాలి. నైరుతి ఋతుపవన మాసాలలో అవి ఖాళీగా కూర్చున్నా అద్దె చెల్లించాలి. తేలే మర సంగతి వేరు. వేదికను ఒడ్డున కట్టి, లోతైన రేవు గట్టు పక్కనే మరను బిగించి, టగ్గు నౌకలతో లాగుకుపోవచ్చు. అంటే పనిలో పెద్ద భాగం సముద్రం నుండి రేవుకు తరలివస్తుంది. రేవు ఎవరిదో పని వారిది.

స్కాట్లండ్ దీనిని అనుభవం మీద తెలుసుకున్నది. ప్రపంచంలో తొలి తేలే పవన విద్యుత్ క్షేత్రం 2017లో పీటర్‌హెడ్ తీరానికి ఆవల ప్రారంభమైంది. అయిదు మరలు, 30 మెగావాట్లు. గాలి స్కాట్లండుది, సముద్రమూ స్కాట్లండుదే. కాని తేలే ఉక్కు స్తంభాలను స్పెయిన్‌లో తయారు చేశారు, నీటిలో దాదాపు 78 మీటర్లు మునిగే ఆ స్తంభాలపై మరలను నార్వే తీరంలో బిగించారు. 2024లో భారీ మరమ్మతులు అవసరమైనప్పుడు ఆ అయిదింటినీ తిరిగి నార్వేకే లాగుకుపోయారు! ఈలోగా స్కాట్లండ్ ఫైఫ్ ప్రాంతంలోని బైఫ్యాబ్ అనే నిర్మాణ సంస్థ ఆర్డర్లు లేక, ప్రభుత్వం సొమ్ము పోసినా నిలవలేక, 2020 డిసెంబరులో చేతులెత్తేసింది. ఇంటి ముందు గాలిమరలు తిరుగుతూ ఉంటే యార్డు కార్మికులు ఇంటిదారి పట్టారు.

మనకు చేతకాని పని కాదిది. 1974లో బొంబాయి హైలో చమురు కనుగొన్న ‘సాగర్ సమ్రాట్’ జపాన్‌లో తయారైన నౌక. ఆ తరువాత అక్కడి చమురు బావుల వేదికలను మజగాఁవ్ డాక్ వంటి మన సంస్థలు కట్టాయి. చమురు సంస్థ అనే నికరమైన కొనుగోలుదారు ఏళ్ళ తరబడి నిలబడినందువల్లనే అది సాధ్యమైంది. ఇప్పుడు కొచ్చిన్ షిప్‌యార్డ్ ఐరోపాలోని సముద్ర గాలిమరల నిర్వహణకు కావలసిన నౌకలను అక్కడి సంస్థల కోసం కడుతోంది. పరాయి సముద్రానికి మన నౌకలు. మన సముద్రానికి టెండరు కాగితాలు.

ఆంధ్ర తీరం ప్రస్తుత పథకంలో లేదు. గుజరాత్ ఖంభాత్ సింధుశాఖతో పోలిస్తే విశాఖ వద్ద తీరం త్వరగా లోతెక్కుతుంది, పైగా 2014 నాటి హుద్‌హుద్‌ను ఎవరు మరచిపోగలరు? ఇక్కడ మరలంటూ వస్తే అవి తుపానుకు తట్టుకునే తేలే మరలే కావాలి. విశాఖ ఉక్కు కర్మాగారం నౌకలకు, ఉక్కు వేదికలకు వాడే పలకలు తయారు చేయదు. కడ్డీలు, తీగచుట్టలు చేస్తుంది. అయితే నార్వేలో 2023లో ప్రారంభమైన 88 మెగావాట్ల టాంపెన్ క్షేత్రపు తేలే స్తంభాలు కాంక్రీటువి. కాంక్రీటుకు కావలసింది కడ్డీలే. ఈ లెక్క వేసి చూడమని కేంద్రాన్ని అడగడానికి మన ఎంపీలకు ప్రత్యేక హోదా చర్చంత గొంతు అక్కరలేదు.

ఇందులో మరొక తెలుగు ముడి ఉన్నది. గుజరాత్ మరలకు నిర్ణయించిన చోటు పీపావావ్ రేవుకు ఎదురుగా ఉన్నది. అదే సౌరాష్ట్ర తీరంలోని వెరావల్ పడవలలో శ్రీకాకుళం ప్రాంతపు మత్స్యకారులు వందల సంఖ్యలో కూలికి పోతారు. 2018లో ఆ పడవలలో పనిచేస్తూ పాకిస్తాన్‌కు పట్టుబడ్డ ఉత్తరాంధ్రవారు 2020 జనవరిలో గాని ఇళ్ళకు చేరలేదు. మరలు, వాటి కేబుళ్ళు వేట జలాలను తగ్గిస్తే నష్టపరిహారం పడవ యజమానికి చెందుతుంది. వలస కూలీ పేరు ఏ జాబితాలోనూ ఉండదు. మళ్ళీ టెండరు పిలిచే ముందు నష్టపడేవారి జాబితాలో పడవ యజమానితోపాటు కూలీకీ చోటు ఉంటుందా అని మన ఎంపీలలో ఎవరైనా సభలో ఒక్క ప్రశ్న వేయవచ్చు.